గుస్సాడీ చూడ్డానికి వెళ్తున్నారా? ముందు ఎవరి పండక్కి వెళ్తున్నారో తెలుసుకోండి

దీపావళి ఇంకో పది పదిహేను రోజులుందనగా, ఆదిలాబాద్ వైపు ఉండేవాళ్లకి ఫోన్లు మొదలవుతాయి. "గుస్సాడీ ఎక్కడ చూడొచ్చండీ?" అని, నెమలి పింఛాల టోపీలతో అక్కడి ఆదివాసులు ఆడే ఆట గురించి. జవాబులు రకరకాలుగా వస్తాయి. ఉట్నూరు చుట్టుపక్కల ఏ గోండు గూడేనికైనా వెళ్లండని ఒకరు. ఇప్పుడెందుకు, పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకి వెళ్లండని ఇంకొకరు. అంత దూరం తిరగడం దేనికి, హైదరాబాద్‌లో ప్రభుత్వ ఉత్సవం ఏది జరిగినా స్టేజీ మీద కనిపిస్తారుగా అని మరొకరు.

ముగ్గురి మాటా నిజమే. మూడు చోట్లా అదే నెమలి పింఛాల టోపీ, అవే గజ్జెలు, అదే డోలు కనిపిస్తాయి. జరిగే పని మాత్రం వేరు. ఒక చోట అది మొక్కు. ఇంకో చోట అతిథికి స్వాగతం. మరో చోట కళాకారుడి పని, డబ్బు తీసుకుని చేసే పని. చూసేవాళ్లకి ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలా తలనొప్పులు వస్తున్నాయి. గుస్సాడీ కట్టే పండుగ, అంటే దండారీ, జరిగే గూడెంలోకి షూటింగ్ యూనిట్‌లా దిగిపోయేవాళ్లు ఒక రకం. స్టేజీ మీద చూసి "ఇది ఒరిజినల్ కాదు" అని పెదవి విరిచేవాళ్లు ఇంకో రకం. ఈ చిక్కు విడిపోవాలంటే కాసేపు టోపీని పక్కనపెట్టి పంచాంగం చూడాలి.

గోండులకి పండుగ పేరు దండారీ. గుస్సాడీ అందులో ఒక పాత్ర. వేషం కళ్లకి కట్టేలా ఉంటుంది కాబట్టి బయటివాళ్లం ఆ పాత్ర పేరే మొత్తానికి అంటగట్టేశాం. ఆశ్వయుజ పౌర్ణమి దాటాక 'భోగి' అనే పూజతో దండారీ మొదలవుతుంది. మన సంక్రాంతి భోగితో దీనికి సంబంధం లేదు. ఏడాదంతా దాచిపెట్టిన వాయిద్యాలు, టోపీలు, గజ్జెలు, కోలలు ఆ రోజు బయటికి తీస్తారు. ఊరి పెద్ద, అంటే పటేల్, ముందుండి పూజ చేయిస్తాడు. దీపావళి వెళ్లాక 'కొలబోడి'తో ముగుస్తుంది. ఆ రోజు ఊరి బయట పూజ చేసి, బలి ఇచ్చి, వేషాలు విప్పి స్నానం చేస్తారు. ఈ రెండు పూజల మధ్య రోజులే అసలు దండారీ. వానలు తగ్గి, పంట పూర్తిగా చేతికి రాకముందు రైతుకి దొరికే కాస్త వెసులుబాటు కూడా అదే.

గుస్సాడీ వేషం కట్టిన మనిషి ఈ రోజుల్లో మామూలు మనిషి కాదు. ఏత్మాసూర్ దేవత అతని మీదికి వస్తాడని నమ్మకం. ఒంటికి బూడిద, నల్లటి చారలు. మేకవెంట్రుకలతో చేసిన గడ్డం, మీసాలు. భుజాన జంతుచర్మం, ఈ మధ్య ఎక్కువగా మేకతోలే. నడుముకీ కాళ్లకీ గజ్జెలు, మెడలో గింజల దండలు, చేతిలో ఒక కర్ర. తల మీద వందల కొద్దీ పింఛాలతో అల్లిన టోపీ, దానికి అటూ ఇటూ కొమ్ములు. వేషం కట్టింది మొదలు కొలబోడి దాకా అతను స్నానం చేయడు, నేల మీదే పడుకుంటాడు. ఒంట్లో బాగోలేనివాళ్లని ఆ కర్రతో తాకితే నయమవుతుందని జనం అతని ముందు కూర్చుంటారు. అయ్యప్ప మాల వేసుకున్న మనిషి పక్కింటి కుర్రాడే అయినా ఆ నలభై ఒక్క రోజులూ 'స్వామీ' అనే పిలుస్తాం కదా. ఇదీ అలాంటి దీక్షే. భుజం మీద చెయ్యేసి సెల్ఫీకి లాగడం ఎందుకు కుదరదో ఇక వేరే చెప్పక్కర్లేదు.

జట్టులో గుస్సాడీలు కొద్దిమందే. ఎక్కువమంది కోలలు పట్టి గుండ్రంగా ఆడే యువకులు. వాళ్లతోపాటు ఆడవేషం కట్టిన మగపిల్లలు ఉంటారు, వాళ్లని పోరిక్ అంటారు. మధ్యమధ్యలో నవ్వించే చిన్న చిన్న వేషాలు కూడా పడతాయి. వాటిలో ఊరి షావుకారు నుంచి ఫారెస్టు గార్డు దాకా ఎవరినైనా వెక్కిరించొచ్చు. బయటినుంచి వచ్చినవాళ్లు ఫొటోల హడావిడిలో పింఛాల మీదే దృష్టి పెడతారు గానీ, గూడెం జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వేది ఈ వేషాలకే. గోండీ రాకపోతే సగం సరదా పోయినట్టే. పక్కనున్న కుర్రాళ్లని అడిగితే తెలుగులో చెప్తారు, మొదట కొంచెం సిగ్గుపడినా.

వాయిద్యాల సంగతి దగ్గర ఇంకో తెగ కథలోకి వస్తుంది. డోలు, పర్ర, గుమేల లాంటివి గోండులే వాయిస్తారు. పెప్రె అనే సన్నాయి లాంటిది, కాలికొమ్ము, కిక్రి అనే తీగల వాయిద్యం మాత్రం పర్ధాన్లవి. పర్ధాన్లు గోండు వంశాలకి కథకులు. ఏ వంశం ఎక్కడినుంచి వచ్చింది, ఏ దేవుణ్ని ఎందుకు కొలుస్తుంది అనే కథలన్నీ వాళ్ల నోటనే నిలిచాయి. కొన్ని చోట్ల ఆ పని 'తోటి' అనే తెగవాళ్లు చేస్తారు. గోండుల చరిత్ర రాసి ఉన్నది తక్కువ, పాడి ఉన్నది ఎక్కువ. కాబట్టి ఒక పర్ధాన్ కుటుంబం కిక్రి పక్కనపెట్టి కూలికి పోయిందంటే ఒక వంశం చరిత్ర పుస్తకం చిరిగినట్టే లెక్క. పింఛాల టోపీ కోసం ఎగబడే మనం దీన్ని పట్టించుకోం. కోలాం అనే మరో తెగవాళ్లు కూడా దండారీ చేస్తారు, గుస్సాడీ కడతారు. అందుకే "గోండు నృత్యం" అన్న బోర్డు కూడా పూర్తి నిజం కాదు.

దండారీలో అసలు విషయం ఊళ్ల మధ్య రాకపోకలు. ఒక గూడెం జట్టు ఇంకో గూడేనికి వెళ్తుంది. అక్కడివాళ్లు ఎదురొచ్చి, కాళ్లకి నీళ్లిచ్చి లోపలికి తీసుకెళ్తారు. రాత్రంతా ఆట, మర్నాడు భోజనాలు. తర్వాత ఆ ఊరి జట్టు ఈ ఊరికి రావాలి, మర్యాద బాకీ పడిపోతుంది. ఎక్కడికి పడితే అక్కడికి వెళ్లరు. గోండుల్లో వంశాలు నాలుగు దేవతలవాళ్లు, ఐదు దేవతలవాళ్లు, ఆరు, ఏడు దేవతలవాళ్లుగా విడిపోయి ఉంటాయి. ఒకే సంఖ్యవాళ్లు అన్నదమ్ముల లెక్క, వాళ్లలో వాళ్లకి పెళ్లి కుదరదు. సంబంధాలు కలిసే ఊళ్లు దండారీలో కలుసుకుంటాయి. పిల్లలు ఒకరినొకరు చూసుకుంటారు, పెద్దలు మాట కదుపుతారు. మనకి డాన్స్‌లా కనిపించే దాంట్లో సగం బంధుత్వాల లావాదేవీ నడుస్తుంటుంది. మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం గుడిరేవులో, గోదావరి ఒడ్డున ఉన్న పద్మల్‌పురి కాకో గుడికి జట్లు వెళ్లి మొక్కుకుంటాయి. దీపావళికి ముందు రోజుల్లో అక్కడ ఒకేసారి చాలా ఊళ్ల జట్లు కనిపిస్తాయి. గూడెంలోకి వెళ్తే ఇబ్బంది పెడతామేమో అనుకునేవాళ్లకి నేను మొదట చెప్పే చోటు ఇదే. అది ఎలాగూ జనం చేరే తీర్థం.

కేస్లాపూర్ లెక్క వేరు

నాగోబా జాతర దండారీలో భాగం కాదు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకి, అంటే జనవరి ఫిబ్రవరి నెలల్లో జరుగుతుంది. గోండుల్లో మెస్రం వంశంవాళ్ల కులదేవుడు నాగోబా. ఇది మొదటినుంచీ ఒక వంశం పూజ. రాష్ట్రమంతా వచ్చే జాతర అయ్యాక కూడా పూజ పగ్గాలు వాళ్ల చేతిలోనే ఉన్నాయి. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే సంగతి ఇది.

జాతరకి చాలా ముందే మెస్రంలు ఇత్తడి ఝారీతో కాలినడకన బయల్దేరతారు. జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు తెస్తారు. చెప్పుల్లేకుండా, ఊరూరా ఆగుతూ వెళ్లొచ్చే ఈ నడకకి రోజులు పడతాయి. పూజకి కావాల్సిన కుండలు సిరికొండ కుమ్మరులు చేస్తారు. గోండులు కాని వాళ్లకి ఆ పూజలో తరాలుగా ఉన్న వాటా అది. తిరిగొచ్చాక మర్రిచెట్ల కింద బస. అమావాస్య అర్ధరాత్రి గోదావరి నీళ్లతో మహాపూజ. ఆడపడుచులు, అల్లుళ్లు కలిసి కోనేటి నీళ్లతో మట్టి తడిపి పుట్ట తయారుచేస్తారు. ఆ ఏడాది మెస్రం ఇంటికి వచ్చిన కొత్తకోడళ్లని తెల్లచీరల్లో దేవుడి ముందుకి తీసుకొచ్చి పరిచయం చేస్తారు. దీన్ని భేటింగ్ అంటారు. ఆ తర్వాతే వాళ్లు వంశంలో కలిసినట్టు. బేతాళ్ పూజలో పెద్దవాళ్లు పొడవాటి కర్రలు పట్టుకుని గాల్లోకి ఎగురుతూ ఆడే ఆట ఒకటుంది. వయసు చూస్తే నమ్మలేం.

మరి ఇందులో గుస్సాడీ ఏది? నిజానికి మెస్రంల పూజలో గుస్సాడీకి పెద్ద పాత్ర లేదు. జాతర మూడో రోజో నాలుగో రోజో జరిగే దర్బార్‌కి మంత్రులు, కలెక్టర్లు వచ్చినప్పుడు డోలు మోగుతుంది, పింఛాల టోపీలు ముందుకొస్తాయి. టీవీలో, పేపర్లో పడే ఫొటో అదే కాబట్టి "నాగోబా జాతర అంటే గుస్సాడీ" అని జనం మనసులో పడిపోయింది. కాలం కాని కాలంలో టోపీ పెట్టడం, దాన్ని తీసి నాయకుల నెత్తిన పెట్టడం సరికాదనే మాట గోండుల్లోనే వినిపిస్తుంది. వచ్చిన అతిథికి మన దగ్గరున్న మంచి వస్తువు చూపిస్తే తప్పేంటనే మాట కూడా వాళ్లలోనే వినిపిస్తుంది. ఆ తగాదా వాళ్లది, తేల్చుకోవాల్సిందీ వాళ్లే.

దర్బార్‌కి కూడా ఒక కథ ఉంది. అది పూజ అంత పాతది కాదు. 1940లో జోడేఘాట్ అడవుల్లో కొమురం భీంని నిజాం పోలీసులు కాల్చి చంపాక, అసలు ఆదివాసులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనుకుంది నిజాం సర్కారు. రెండో ప్రపంచయుద్ధం వల్ల ఇండియాలోనే ఉండిపోయిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ని ఆ పనికి పెట్టింది. గోండులంతా ఎలాగూ జాతరకి వస్తారు కాబట్టి అధికారులే అక్కడికి వెళ్లి వాళ్ల గోడు వినాలని ఆయన చేసిన సూచనతో 1940ల్లో దర్బార్ మొదలైంది. భూమి పట్టాలు, పోడు కేసులు, రోడ్లు, బడులు, నీళ్లు: ఇవే అప్పటి అర్జీలు. ఇప్పటి అర్జీలూ దాదాపు ఇవే. స్వాగత నృత్యం అయిపోగానే కార్లెక్కి వెళ్లిపోయే సందర్శకులు ఒక గంట ఆగి ఆ అర్జీలు వింటే, ఆడినవాళ్ల గురించి ఆటలో తెలియని సంగతులు చాలా తెలుస్తాయి.

గుడి విషయం ఒకటి చెప్పి ముందుకెళ్తాను. పాత చిన్న గుడి స్థానంలో మెస్రంలు తమ వంశంలో ఇంటింటికీ చందాలు వేసుకుని, కోట్ల రూపాయలు పోగుచేసి రాతి గుడి కట్టుకున్నారు. 2022 డిసెంబర్‌లో ప్రతిష్ఠ జరిగింది. ప్రభుత్వం కట్టించే దాకా ఆగలేదు. మేడారంతో పోల్చి చూస్తే దీని బరువు తెలుస్తుంది. అక్కడ కోయల జాతర దేవాదాయ శాఖ కిందికి వెళ్లింది, 1996లో రాష్ట్ర పండుగ అయింది. కోట్లమంది వచ్చే ఆ జాతరలో పూజారులు కోయలే, కానీ ఏర్పాట్లు, హుండీ, నిర్ణయాల మీద వాళ్ల మాట ఎంత చెల్లుతుందనేది ఏళ్లుగా తెగని పేచీ.

ఆట లేని చోట్లు కూడా చూడాలి

ఆదిలాబాద్‌లో ఆదివాసీ వారసత్వం అంటే పండుగలు ఒక్కటే కాదు. ఏ రోజు వెళ్లినా చూడగలిగే చోట్లున్నాయి, మనవాళ్లు వాటిని దాటి జలపాతాలకి వెళ్లిపోతుంటారు. కుంటాల బాగానే ఉంటుంది, కాదనను.

కెరమెరి మండలంలోని జోడేఘాట్‌లో కొమురం భీం స్మారకం, మ్యూజియం ఉన్నాయి. నిజాం అటవీ అధికారులు గూడేలు ఖాళీ చేయించడం, పశువుల మేతకి పన్ను వేయడం, పండించిన పంట మీదికి రావడం వంటివాటికి ఎదురుతిరిగి, 12 గ్రామాల భూమి తమకే కావాలని పోరాడాడు భీం. 'జల్, జంగల్, జమీన్' నినాదం ఆయన పేరుతోనే ప్రచారంలో ఉంది. వర్ధంతి ఇంగ్లిష్ తేదీ ప్రకారం చేయరు, ఆశ్వయుజ పౌర్ణమికి చేస్తారు. అంటే దండారీ గుమ్మంలోనే. చచ్చిపోయినవాణ్ని తలుచుకున్న రోజుల వెనకే టోపీలు బయటికొస్తాయి. మ్యూజియంలోని బొమ్మలు ఎలా ఉన్నా, అక్కడికి వెళ్లే ఘాట్ దారి, ఆ కొండలు చూస్తే భీం మనుషులు అంతకాలం ఎలా నిలబడ్డారో అర్థమవుతుంది.

జైనూర్ మండలం మార్లవాయి హైమెన్‌డార్ఫ్ ఉన్న ఊరు. 1940ల్లో గోండు కుర్రాళ్లని టీచర్లుగా తయారుచేసిన కేంద్రం అక్కడే నడిచింది. ఆయన భార్య ఎలిజబెత్ 1987లో చనిపోతే అక్కడే సమాధి చేశారు. 1995లో లండన్‌లో పోయిన ఆయన అస్థికలు కూడా చాలా ఏళ్లకి ఆ ఊరికే చేరాయి. ఆయన్ని దేవుణ్ని చేసేవాళ్లున్నారు, నిజాం సర్కారుకి పనిచేశాడు కదా అని గుర్తుచేసేవాళ్లూ ఉన్నారు. రెండూ నిజమే. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన చేతిరాత ప్రతుల్లో గోండీకి సొంత లిపి బయటపడింది. 'గుంజాల గోండీ' పేరుతో ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. గోండీ మన తెలుగుకి దగ్గర చుట్టం, ఒకే ద్రావిడ కొమ్మ. అయినా అక్కడి బడిపిల్లలు తెలుగు నేర్చుకుంటేనే చదువు, మనం రెండు గోండీ ముక్కలు నేర్చుకోవాలన్న ఆలోచన కూడా రాదు.

ఇక ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న, సంత రోజున, భూమి పట్టాల కోసం గిరిజన రైతుకూలీ సంఘం సభకి వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క ప్రకారం చనిపోయినవాళ్లు 13 మంది. పౌరహక్కుల సంఘాల లెక్కలు దానికి చాలా పైన ఉంటాయి. తర్వాత కట్టిన స్థూపాన్ని ఒకసారి పేల్చేశారు, మళ్లీ కట్టారు. ఏప్రిల్ 20 వచ్చిందంటే దశాబ్దాల పాటు అక్కడ 144 సెక్షన్, పోలీసు పహరా. చనిపోయినవాళ్ల ఇళ్లవాళ్లు దండం పెట్టుకోవడానికి కూడా అనుమతి అడగాల్సి వచ్చింది. కేస్లాపూర్ అక్కడికి ఎంతో దూరం లేదు. జాతరకి వెళ్లే దారిలోనే ఉన్న ఆ స్థూపం దగ్గర ఆగేవాళ్లు తక్కువ.

అదే 1980ల మొదట్లో మార్లవాయి మనిషి కనకరాజు ఢిల్లీ గణతంత్ర ఉత్సవాల్లో ఇందిరాగాంధీ ముందు గుస్సాడీ ఆడించాడు. ఇంద్రవెల్లి కాల్పులప్పుడు కేంద్రంలోనూ రాష్ట్రంలోనూ ఉన్నది ఆమె పార్టీ ప్రభుత్వాలే. ఒకే జాతి, ఒకే కాలం. ఢిల్లీలో చప్పట్లు, ఇంద్రవెల్లిలో తూటాలు. "మన ఆదివాసీ సంస్కృతి" అని మురిసిపోయే ప్రసంగం విన్నప్పుడల్లా నాకు ఈ రెండూ పక్కపక్కన గుర్తొస్తాయి.

స్టేజీ మీద ఆడితే కల్తీ అయినట్టేనా?

ఢిల్లీకి వెళ్లడంతో గుస్సాడీకి రెండో జీవితం మొదలైంది. రాత్రంతా సాగే ఆటని కొద్ది నిమిషాలకి కుదించాలి. గుండ్రంగా తిరిగే వరస ప్రేక్షకుల వైపు ముఖం పెట్టాలి. అడుగులు అందరివీ ఒకేసారి పడాలి. పోరిక్‌లు, వెక్కిరింత వేషాలు, ఊరి మర్యాదలు అన్నీ రాలిపోతాయి. పింఛాలు, డోలు, గజ్జెలు మిగులుతాయి. కనకరాజు ఈ రెండో రూపాన్ని పద్ధతిగా తయారుచేసి ఎందరో కుర్రాళ్లకి నేర్పాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లో, దండారీ రోజుల్లోనే, ఆయన పోయాడు. ఆయన దండారీలో కూడా ఆడినవాడే. రెంటికీ తేడా తెలిసిన మనిషికి రెండూ చేయడంలో ఇబ్బంది ఏముంటుంది? ఇబ్బందంతా తేడా తెలియని మనకే.

అరకు ఉదాహరణ చూస్తే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది, మనలో చాలామంది చూసిందే కాబట్టి. వైజాగ్ నుంచి రైల్లో వెళ్లి, బొర్రా గుహలు చూసి, గిరిజన మ్యూజియం దగ్గరో రిసార్టులోనో సాయంత్రం థింసా చూసి రావడం మామూలు ప్యాకేజీ. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, పాములా మెలికలు తిరుగుతూ వేసే ఆ అడుగులు పొరజ, బగత, వాల్మీకి, కోటియా, ఖోండు ఊళ్లవి. తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు వాయిస్తే ఆడతారు. బోడ థింసా, గుండేరి థింసా, కుండ థింసా అంటూ రకాలున్నాయి. బాగ్ థింసాలో పులి మీద పడితే తప్పించుకోవడం ఆడతారు. రిసార్టు ఆటలో ఈ రకాలన్నీ కలిసి ఒకటే ముద్ద అవుతాయి, చివర్లో టూరిస్టులూ చేతులు కలుపుతారు.

దీన్ని వెక్కిరించడం సులువు. కానీ ఆ సాయంత్రం ఆటకి వచ్చిన కూలి, పగలు తోటలో చేసిన కూలికి తోడవుతుంది. జట్టుకి ఎంత ఇస్తున్నారు, మధ్యలో ఎవరు తింటున్నారు అనే ప్రశ్నలు "ఇది అసలైనదేనా" అన్న ప్రశ్న కంటే పనికొచ్చేవి. అసలైన థింసా కావాలంటే చైత్రంలో ఇటుకల పండక్కి ఆ ఊళ్లకి వెళ్లాలి. మగవాళ్లు వేటకి వెళ్లే రోజులవి. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా తాడో కర్రో పెట్టి, వచ్చే పోయే బండ్లని ఆపి డబ్బులు వసూలు చేసి, పాడి ఆడతారు. ఆ పండుగలో టూరిస్టు ప్రేక్షకుడు కాదు, పన్ను కట్టాల్సిన బాటసారి. అరకు ఘాట్‌లో అలా కారు ఆపితే చిరాకుపడి హారన్ కొట్టేవాళ్లే, సాయంత్రం టికెట్ కొనుక్కుని అదే ఆడవాళ్ల ఆట చూస్తారు.

కాబట్టి నా లెక్కలో అసలు–నకిలీ అనే కొలత ఇక్కడ పనికిరాదు. పిలిచింది ఎవరు, ఏ రోజున, ఎప్పుడు ఆపాలో చెప్పేది ఎవరు? ఈ మూడింటికి జవాబు దొరికితే మీరు చూస్తున్నది ఏమిటో తెలిసిపోతుంది. దండారీలో మూడూ ఊరివే. స్టేజీ మీద మూడూ ఆఫీసువి. నాగోబాలో అర్ధరాత్రి పూజ వంశానిది, దర్బార్ సర్కారుది, మధ్యలో జాతర అంగళ్లు అందరివీ.

చట్టం ఈ విషయంలో ఎక్కడుందంటే, సగం దారిలో ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సంప్రదాయాల్ని, సాంస్కృతిక గుర్తింపుని కాపాడుకునే అధికారం గ్రామసభదని 1996 పెసా చట్టం చెప్తుంది. కాపీరైట్ చట్టంలో ఆడే కళాకారుడికి తన ప్రదర్శన మీద హక్కు ఉంది. అతని ఒప్పుకోలు లేకుండా రికార్డు చేసి వ్యాపారానికి వాడుకోకూడదు. కానీ ఒక జాతి మొత్తానిదైన ఆటకి, పాటకి, వేషానికి ఆ జాతి యజమాని అని చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. పింఛాల టోపీ బొమ్మని ఎవరైనా షర్టు మీద అచ్చేసి అమ్ముకోవచ్చు, గూడేనికి పైసా వెళ్లదు. పింఛాల మీద కూడా ఒక అపోహ ఉంది, టోపీ చూసి "ఎన్ని నెమళ్లని చంపారో" అనేవాళ్లు కనిపిస్తారు. నెమలిని వేటాడటం 1972 వన్యప్రాణి చట్టం కింద పెద్ద నేరం. వాటంతట అవి రాల్చిన పింఛాలు దగ్గర పెట్టుకోవడం, దేశంలో అమ్మడం కొనడం నేరం కాదు, విదేశాలకి పంపడం నిషేధం. టోపీ ఏటా కొత్తది కట్టరు, పాతదాన్నే బాగుచేసుకుంటూ జాగ్రత్తగా వాడతారు. అందుకే దాన్ని "ఒకసారి పెట్టుకుని చూస్తా" అని అడగొద్దు. ఖరీదు సంగతి అటుంచితే, దండారీ రోజుల్లో అది పూజావస్తువు.

ఇక వెళ్లాలనుకునేవాళ్లకి. దండారీకి రోడ్డు మీద బోర్డులుండవు. ఏ జట్టు ఏ రాత్రి ఏ ఊళ్లో ఉంటుందో ఆ ఊళ్లకే తెలుసు, అదీ చివరి నిమిషంలో మారొచ్చు. ఉట్నూరు, జైనూర్, నార్నూర్, ఇంద్రవెల్లి వైపు ఎవరైనా టీచరో, నర్సో, తెలిసిన గోండు కుటుంబమో ఉంటే వాళ్ల ద్వారా ఆ ఊరి పటేల్‌కి ముందుగా కబురు పెట్టించండి. ఊళ్లోకి వెళ్లాక మొదట కలవాల్సింది ఆయన్నే. 'రాం రాం' అంటే చాలు, పలకరింపు అయిపోతుంది. ఇద్దరు ముగ్గురుగా వెళ్తే ఇంటిమనుషుల్లా కలుపుకుంటారు. రెండు టెంపో ట్రావెలర్లు దిగితే ఊరు మొత్తం మీకు వండిపెట్టే టెన్షన్‌లో పడుతుంది. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఫొటో అడిగి తీయండి. భోగి, కొలబోడి పూజల దగ్గర అడగను కూడా అడగొద్దు. డ్రోన్ ఇంటి దగ్గరే ఉంచండి. ఇప్పసారా ఇస్తే వద్దనుకున్నవాళ్లు నవ్వుతూ దండం పెడితే ఎవరూ ఏమీ అనుకోరు. మీరు తాగి మర్నాడు "అక్కడంతా తాగుడే" అని వీడియో పెట్టడం మాత్రం దుర్మార్గం.

డబ్బు ఇవ్వాలనిపిస్తే గుస్సాడీ చేతిలో నోటు పెట్టకుండా పటేల్‌ని అడిగి జట్టుకి ఇవ్వండి. వాయిద్యాల చర్మాలకి, గజ్జెలకి, భోజనాలకి అది ఊరి ఖర్చు. కేస్లాపూర్ జాతరలో మహాపూజ రాత్రి గుడి దగ్గరికి తోసుకెళ్లకండి. అది ముగిశాక దర్శనం అందరికీ ఉంటుంది. గుర్తుగా ఏదైనా కొనాలంటే ఉషేగాం, కేస్లాగూడల్లో ఓజా అనే కళాకారుల దగ్గర డోక్రా ఇత్తడి బొమ్మలు దొరుకుతాయి, 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన పని. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, ఇత్తడి పోస్తారు. ఒక్కో బొమ్మకీ అచ్చు పగలగొట్టాల్సిందే కాబట్టి రెండోది అచ్చంగా అలాగే రాదు. గుస్సాడీ బొమ్మ కావాలంటే వెళ్లే ముందే చెప్పి పెట్టుకోండి, వెళ్లిన రోజుకి తయారుగా ఉంటుందని మాత్రం అనుకోకండి. దండారీ రోజుల్లో అయితే ఆ ఊళ్లూ పండుగలోనే ఉంటాయి.